రెండో బడి

సియాటిల్‌లో జపనీయులు పిల్లల కోసం కట్టుకున్న భాషాబడికి నూట ఇరవై ఏళ్లు దాటాయి. అనుమానాలు, మూసివేత, యుద్ధం, నిర్బంధ శిబిరాలు అన్నీ చూసిందది. పిల్లలకు భాష ఎంత వంటబట్టించిందో గానీ, పెద్దలకు మాత్రం తలదాచుకునే చోటైంది.

మధ్యాహ్నం మూడు దాటింది. సర్కారు బడిలో గంట కొట్టారు. తెల్లపిల్లలు బంతి పట్టుకుని ఖాళీ స్థలంలోకి పరుగు తీశారు. జపనీయుల పిల్లలు మాత్రం పుస్తకాలు చంకన పెట్టుకుని వెల్లర్ వీధి వైపు నడిచారు. వాళ్లకింకా బడి అయిపోలేదు. ఇప్పుడు రెండో బడి మొదలవుతుంది. ఇంకో గంటన్నర. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఇదే తంతు. 1930ల్లో సియాటిల్‌లో పెరిగిన జపనీస్ అమెరికన్లలో ఎక్కువమంది బాల్యం ఇలాగే గడిచింది.

ఆ రెండో బడి కిటికీ పక్కన తెలుగువాళ్లెవరైనా నిలబడి ఉంటే చెవులు రిక్కించి ఉండేవాళ్లు. లోపల పిల్లలు రాగం తీస్తున్నది ‘అ, ఇ, ఉ, ఎ, ఒ... క, కి, కు, కె, కొ’ అని. అచ్చం మన గుణింతాలు! ఇది కాకతాళీయం కాదు. బౌద్ధంతో పాటు భారతదేశం నుంచి చైనా మీదుగా సంస్కృత అక్షరవిద్య జపాన్ చేరింది. అక్కడి సన్యాసులు మంత్రాల కోసం ‘సిద్ధం’ అనే లిపి నేర్చుకున్నారు. ఆ వర్ణమాల వరసనే తమ అక్షరాలకూ పెట్టుకున్నారు. క, స, త, న, హ, మ, య, ర, వ అనేది వాళ్ల వరస. అందులోని ‘హ’ను ఒకప్పుడు ‘ప’ అని పలికేవారని భాషావేత్తలు చెబుతారు. ‘హ’ తీసి ‘ప’ పెట్టి చదివి చూడండి, మన కచటతపలు, యరలవలు ఎక్కడున్నాయో ఇట్టే తెలిసిపోతుంది.

ఓడ దిగిన కుర్రాళ్లు

1896 ఆగస్టు 31న ‘మీకే మారు’ అనే ఆవిరి ఓడ సియాటిల్ రేవులో లంగరు వేసింది. జపాన్ నుంచి ఆ ఊరికి నేరుగా ఓడలు నడవడం దానితోనే మొదలు. దిగినవాళ్లలో చాలామంది పడుచు కుర్రాళ్లు. రైలు పట్టాలు వేయడానికి, కలప కోత మిల్లులకు, సాల్మన్ చేపలను డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలకు కూలికి వచ్చారు. నాలుగేళ్లు కష్టపడి నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగి వెళ్లిపోదామన్నదే వాళ్ల లెక్క. ఇలా వెళ్లి సంపాదించుకు రావడాన్ని జపనీస్‌లో ‘దెకసెగి’ అంటారు. పాలమూరు నుంచి బొంబాయికి, కోనసీమ నుంచి కువైట్‌కు బయల్దేరినవాళ్ల లెక్కా ఇలాంటిదే కదా. ఆ లెక్క ఎంతమందికి తప్పుతుందో ఆ ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు.

వీళ్లకూ తప్పింది. 1907-08లో అమెరికా, జపాన్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో కొత్త కూలీల రాక ఆగింది. అయితే అప్పటికే అమెరికాలో ఉన్నవాళ్లు భార్యల్ని తెచ్చుకోవడానికి దారి తెరిచే ఉంది. ఫొటోలు ఇచ్చిపుచ్చుకుని జపాన్‌లోనే పెళ్లి తంతు జరిపించుకున్న పెళ్లికూతుళ్లు ఓడలెక్కి వచ్చారు. కాపురాలు మొదలయ్యాయి, పిల్లలు పుట్టారు. వలస వచ్చినవాళ్లు ‘ఇస్సెయి’, అంటే మొదటి తరం. ఇక్కడ పుట్టినవాళ్లు ‘నిసెయి’, రెండో తరం. మెయిన్ స్ట్రీట్, జాక్సన్ స్ట్రీట్ చుట్టుపక్కల స్నానశాలలు, హోటళ్లు, కిరాణా కొట్లు, పత్రికాఫీసులతో ‘నిహోన్‌మాచి’ అనే జపనీయుల పేట వెలిసింది. 1930 నాటికి ఊళ్లో వాళ్ల జనాభా ఎనిమిది వేలు దాటింది.

బడి అంతకు ముందే, 1902లో పుట్టింది. పేరు ‘నిహోన్‌గో గక్కో’. జపనీస్ భాషాబడి అని అర్థం, అంతే. అమెరికా ప్రధాన భూభాగంలో నేటికీ నడుస్తున్న జపనీస్ భాషాబడుల్లో ఇదే పాతదంటారు. మొదట అద్దె గదుల్లో నడిచింది. 1913లో వెల్లర్ వీధిలో సొంత భవనం కట్టుకున్నారు. పిల్లలు పెరిగేకొద్దీ పక్కనే మరో రెండు భవనాలు వచ్చి చేరాయి. ఇవన్నీ కట్టింది ప్రభుత్వ నిధులతో కాదు. హోటల్ గదులు ఊడ్చినవాళ్లు, కూరగాయలు పండించినవాళ్లు, బట్టలు ఉతికిన లాండ్రీలవాళ్లు తలా ఇంత వేసుకున్నారు.

ఒక ఇల్లు, రెండు దేశాలు

అంత కష్టపడి బడి ఎందుకు? మొదట్లో జవాబు తేలిక. ఎలాగూ తిరిగి వెళ్తాం, అక్కడి బడిలో పిల్లలు వెనకబడకూడదు. తిరిగి వెళ్లేది లేదని తేలాక జవాబు మారింది. అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాదు, పిల్లలకు జపనీస్ నిలవడం లేదు. అన్నం దగ్గర కూర్చుంటే మాట్లాడుకోవడానికి ఒక భాష కావాలి.

చట్టం ఆ ఇంటిని ఇంకో రకంగా కూడా చీల్చింది. అమెరికా గడ్డ మీద పుట్టారు కాబట్టి పిల్లలు పౌరులు. అమ్మానాన్నలు ఎన్నేళ్లున్నా పరాయివాళ్లే. తకావో ఒజావా అనే జపనీయుడు ఇరవై ఏళ్లు అమెరికాలో ఉండి, అక్కడే చదువుకుని, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1922లో కుదరదన్నారు. చట్టంలోని ‘తెల్లవాళ్లు’ అంటే కకేసియన్ జాతివాళ్లు అని కోర్టు తేల్చింది. మూడు నెలలకే అదే కోర్టు ముందుకు మన పంజాబీ భగత్ సింగ్ థింద్ వచ్చాడు. అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ‘ఉత్తర భారతీయులం మేమూ కకేసియన్లమేనని మీ శాస్త్రవేత్తలే అంటున్నారు కదా’ అన్నది అతని వాదన. శాస్త్రం సంగతి ఎలా ఉన్నా సామాన్యుడి కంటికి నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మని 1923 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఒకరిని శాస్త్రం పేరు చెప్పి, ఇంకొకరిని శాస్త్రం కాదని గెంటేశారు. ఇలా పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకూడదని వాషింగ్టన్ రాష్ట్రం అప్పటికే, 1921లో చట్టం చేసి పెట్టింది.

ఇక ఆ రెండు బడుల సంగతి పిల్లల వైపు నుంచి చూడాలి. సియాటిల్ రేవు పక్కన హోటల్ నడిపే ఇంట్లో పుట్టిన కజుకో ఇతోయి పెద్దయ్యాక మోనికా సోనే పేరుతో 1953లో ‘నిసెయి డాటర్’ అనే ఆత్మకథ రాసింది. ఆరేళ్లప్పుడు, జపనీస్ బడికి కూడా వెళ్లాలని ఇంట్లో చెప్పిన రోజున తన నెత్తిన పిడుగు పడ్డ సంగతి అందులో నవ్వుతూ చెబుతుంది. పగలు బెయిలీ గాట్జర్ట్ బడిలో అమెరికా జెండాకు వందనం, గోల, గెంతులు. సాయంత్రం నిహోన్‌గో గక్కోలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం, నడుము వంచి నమస్కరించడం, అడిగినదానికి గట్టిగా బదులివ్వడం. ఒకే పిల్ల రోజుకు రెండుసార్లు మనిషి మారాలి. అప్పట్లో ఆ బడిలో పిల్లల సంఖ్య వెయ్యి దాటింది. అందులో ఇష్టపడి వెళ్లినవాళ్లు ఎంతమందో మనం ఊహించుకోవచ్చు.

అక్షరాల మీద అనుమానం

పిల్లలకు బరువనిపించిన ఆ బడి, తెల్ల రాజకీయ నాయకులకు కుట్రలా కనిపించింది. 1920లో అమెరికా ప్రతినిధుల సభ వలస వ్యవహారాల కమిటీ సియాటిల్, టకోమాల్లో విచారణలు పెట్టింది. భాషాబడులు చక్రవర్తి భక్తి నూరిపోస్తున్నాయా అన్న ప్రశ్నకు అక్కడ చాలా గిరాకీ ఉండేది. హవాయిలో ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడ చెరకు తోటల్లో పనిచేసే జపనీయులకు వందకు పైగా భాషాబడులు ఉండేవి. వాటి మీద ఫీజులు, అనుమతులు, పాఠ్యపుస్తకాల ఆంక్షలు పెట్టి ఊపిరాడకుండా చేశారు. బడులు కోర్టుకెక్కాయి. ‘హవాయి హోచి’ పత్రిక సంపాదకుడు ఫ్రెడ్ మకినో ఆ పోరాటానికి వెన్నుదన్నుగా నిలిచాడు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా బడుల పక్షాన నిలబడింది. తమ పిల్లలకు ఏం నేర్పించుకోవాలో నిర్ణయించుకునే హక్కు తల్లిదండ్రులకు ఉందని చెప్పింది.

కోర్టు గెలుపు పద్నాలుగేళ్లు నిలిచింది. 1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. ఆ సాయంత్రం నుంచే ఎఫ్‌బీఐ తలుపులు తట్టింది. ముందే సిద్ధం చేసి పెట్టుకున్న జాబితాల్లో సంఘాల పెద్దలు, బౌద్ధ పురోహితులు, పత్రికలవాళ్లతో పాటు భాషాబడి పంతుళ్లూ ఉన్నారు. నిహోన్‌గో గక్కో తలుపులు మూతబడ్డాయి. ఇళ్లలో పొయ్యిలు రాత్రుళ్లు కూడా మండాయి. ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలు, తాతల ఫొటోలు, పిల్లల వాచకాలు వాటిలో వేశారు. జపనీస్ అక్షరం ఉన్న కాగితం ముక్క ఇంట్లో దొరికితే చాలు, ఏ అనర్థం వస్తుందోనన్న భయం.

1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో పశ్చిమ తీరంలోని జపనీయులందరినీ ఖాళీ చేయించారు. మొత్తం లక్షా ఇరవై వేల మంది. వాళ్లలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. సియాటిల్ వాళ్లను ముందు పుయలప్ సంత మైదానంలో వేసిన తాత్కాలిక శిబిరంలో పెట్టారు. దానికి ‘క్యాంప్ హార్మొనీ’ అని ముద్దుపేరు. సామరస్యం అన్నమాట! అక్కడ జపనీస్ అచ్చు పుస్తకాలు నిషేధం. మతగ్రంథాలకు, నిఘంటువులకు మాత్రమే మినహాయింపు. ఎండలు ముదిరాక రైళ్లెక్కించి ఐడహో ఎడారిలోని మినిడోకా శిబిరానికి తరలించారు. ఆ శిబిరం పోస్టల్ చిరునామా ‘హంట్, ఐడహో’. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

వందకు ముగ్గురు

ఇక్కడే ఈ కథలో అసలు విడ్డూరం. పెర్ల్ హార్బర్‌కు కొన్ని నెలల ముందే అమెరికా సైన్యానికి ఒక సంగతి తట్టింది. జపాన్‌తో యుద్ధం వస్తే శత్రువు కాగితాలు చదివేదెవరు, ఖైదీలతో మాట్లాడేదెవరు? నిసెయి సైనికులున్నారు కదా, అన్నేళ్లు సాయంత్రం బడికి వెళ్లారు కదా అనుకున్నారు. పశ్చిమ తీరంలో సుమారు 3,700 మందిని పరీక్షించి చూశారు. భాష ధారాళంగా వచ్చినవాళ్లు వందకు ముగ్గురు. ఇంకో నలుగురు ఫర్వాలేదు. మరో ముగ్గురిని బాగా తర్ఫీదు ఇస్తే పనికొస్తారు. మిగతా తొంభైమందికి వచ్చింది ఇంట్లో అమ్మతో మాట్లాడేంత మాత్రమే.

చక్రవర్తి సైనికుల్ని తయారుచేస్తున్నాయని ఇరవై ఏళ్లు ఆడిపోసుకున్న బడులు, పిల్లలకు వార్తాపత్రిక చదవడం కూడా సరిగా నేర్పలేకపోయాయన్నమాట. సైన్యమే లెక్కతీసి ఆ బడుల నిర్దోషిత్వానికి సర్టిఫికెట్ ఇచ్చినట్టయింది. దాన్ని చదివినవాళ్లు లేరు.

చేసేదిలేక సైన్యమే ఒక జపనీస్ బడి పెట్టింది. 1941 నవంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో, వాడకంలో లేని ఒక విమానాల షెడ్డులో, 60 మంది విద్యార్థులతో రహస్యంగా మొదలైంది. ఇద్దరు తప్ప అందరూ నిసెయిలే. కొద్ది నెలలకే పశ్చిమ తీరంలో జపనీయులెవరూ ఉండకూడదన్న ఉత్తర్వు వచ్చింది. దాంతో ఆ బడిని, పంతుళ్లను మినసోటాకు మార్చాల్సి వచ్చింది. యుద్ధం ముగిసేలోగా ఆ బడి ఆరువేల మందిని తయారుచేసింది. పట్టుబడ్డ పటాలు, డైరీలు, ఆజ్ఞాపత్రాలు చదివి వాళ్లు ఎన్నో ప్రాణాలు కాపాడారు. వాళ్ల అమ్మానాన్నలు మాత్రం ముళ్లకంచెల వెనకే ఉన్నారు. ఇంటి భాషను అనుమానించిన ప్రభుత్వమే, ఆ ఇంటి బిడ్డను పిలిచి అదే భాష నేర్చుకోమంది.

హంట్ హోటల్

1945 జనవరిలో తిరిగి రావచ్చన్నారు. ఎక్కడికి రావాలి? నిహోన్‌మాచిలో అద్దె కొట్లు ఎప్పుడో చేతులు మారాయి. యుద్ధ పరిశ్రమల కోసం వచ్చిన జనంతో సియాటిల్‌లో ఖాళీ ఇల్లు దొరకడమే గగనం. దొరికినా జపనీయుల మొహం చూస్తే లేదనేవాళ్లు ఎక్కువ. శిబిరం వదిలేటప్పుడు ప్రభుత్వం చేతిలో పెట్టింది పాతిక డాలర్లు, రైలు టికెట్టు.

యుద్ధకాలంలో సైన్యం వాడుకున్న వెల్లర్ వీధి బడి అప్పటికి ఖాళీగా ఉంది. ఆ తరగతి గదులనే కాపురాలకిచ్చారు. పిల్లలు ‘క, కి, కు’ వల్లించిన గదిలో ఇప్పుడు మంచం, ట్రంకు పెట్టె, దండెం మీద బట్టలు. వంటిల్లు అందరిదీ, స్నానాల గదీ అందరిదే. అన్నం వండుకోవడానికి వంతులు, స్నానానికి వంతులు. శిబిరంలో వరసలో నిలబడటం అలవాటైన ప్రాణాలకు అదేం కొత్త కాదు. అందుకే దానికి వాళ్లే ఒక పేరు పెట్టుకున్నారు: ‘హంట్ హోటల్’. మినిడోకా శిబిరం చిరునామాలోని హంట్ అది. బాధను ఎగతాళిగా మార్చుకోవడం తెలిసినవాళ్లు పెట్టే పేరది.

ఏదో నాలుగు నెలల ముచ్చట అనుకున్నది 1959 దాకా సాగింది. ఆ పద్నాలుగేళ్లలో పాతికకు పైగా కుటుంబాలు ఆ గదుల్లో ఉండి, పని వెతుక్కుని, కాస్త నిలదొక్కుకుని బయటికి వెళ్లాయి. అక్కడే చిన్నతనం గడిచినవాళ్లు ఉన్నారు. చాలా ఇళ్లలో ఈ సంగతి పిల్లలకు చెప్పనే లేదు. బడిలో కాపురమున్నామని చెప్పుకోవడం పెద్దలకు నామోషీ అనిపించింది. ఇటీవలి ఏళ్లలో అదే భవనంలో హంట్ హోటల్ మీద ప్రదర్శన పెట్టి, అక్కడ ఉన్నవాళ్ల జ్ఞాపకాలను గోడలకెక్కించారు.

| మరో రెండు బడులు |

టకోమా: సియాటిల్‌కు దక్షిణాన ఉన్న ఈ ఊళ్లో 1911లో భాషాబడి మొదలైంది. 1922లో రెండంతస్తుల సొంత భవనం వచ్చింది. 1942 మేలో ఊళ్లోని జపనీయులంతా నిర్బంధ శిబిరానికి పేర్లు నమోదు చేయించుకున్నది ఈ బడిలోనే. ప్రధానోపాధ్యాయుణ్ని అరెస్టు చేశారు, ఆయన నిర్బంధంలోనే కన్నుమూశారు. వెళ్లినవాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు తక్కువ. పిల్లలు లేని బడి మళ్లీ తెరుచుకోలేదు. పాడుబడిన భవనాన్ని 2004లో కూల్చేశారు. ఇప్పుడు అక్కడి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక స్మారకం ఉంది.

వాంకూవర్: కెనడాలోని ఈ బడి పుట్టింది 1906లో. మరుసటి ఏడే, 1907 సెప్టెంబర్‌లో, ఆసియావాసుల మీద జరిగిన దాడుల్లో అల్లరిమూక జపనీయుల పేట మీదికీ వచ్చింది. అక్కడివాళ్లు రాళ్లతో, సీసాలతో తిప్పికొట్టారు. 1928లో బడి పక్కనే సమాజ భవనం కట్టారు. యుద్ధకాలంలో కెనడా ప్రభుత్వం జపనీయుల ఇళ్లు, పొలాలు, పడవలు స్వాధీనం చేసుకుని అమ్మేసింది. యుద్ధం తర్వాత సొంతదారులకు తిరిగి దక్కిన ఆస్తిగా ఈ బడి భవనాన్నే చెబుతారు. నేటికీ అలెగ్జాండర్ వీధిలో పాఠాలు నడుస్తున్నాయి.

నగల పెట్టె

సియాటిల్ బడి 1956లో మళ్లీ గంట కొట్టింది. ఒకవైపు కాపురాలు, మరోవైపు పాఠాలు. అయితే పిల్లలు ముందటంత మంది రాలేదు. శిబిరాల నుంచి వచ్చిన నిసెయిలు తమ పిల్లల్ని అచ్చమైన అమెరికన్లుగానే పెంచాలనుకున్నారు. జపనీస్ మాట్లాడితే ఏమవుతుందో వాళ్లు కళ్లారా చూశారు మరి. మూడో తరం, ‘సన్సెయి’, తాతయ్యతో సైగలతో మాట్లాడుతూ పెరిగింది. ఒజావాకు కాదన్న పౌరసత్వం 1952 చట్టంతో ముసలివాళ్లయిన ఇస్సెయిలకు దక్కింది. 1988లో అమెరికా ప్రభుత్వం చేసిన తప్పు ఒప్పుకుని, బతికి ఉన్న ఒక్కొక్కరికీ 20 వేల డాలర్ల పరిహారం ప్రకటించింది.

2003లో ఆ ప్రాంగణం ‘జపనీస్ కల్చరల్ అండ్ కమ్యూనిటీ సెంటర్ ఆఫ్ వాషింగ్టన్’ అయింది. భాషాబడి దానిలో భాగం. ఇప్పుడు తరగతుల్లో కూర్చునేవాళ్లలో తాతల భాష వెతుక్కుంటూ వచ్చిన మనవలున్నారు. జపాన్‌తో చుట్టరికమే లేని వేరే జాతులవాళ్లూ ఉన్నారు. మే నెలలో పిల్లల పండుగ, నవంబర్‌లో సంస్కృతి దినం చేస్తారు.

అక్కడ ఒక పాతవస్తువుల దుకాణం కూడా ఉంది. పేరు ‘హోసెకిబాకో’, అంటే నగల పెట్టె. ఇస్సెయి, నిసెయి ఇళ్లలోని పెద్దలు పోయాక పిల్లలు తెచ్చి ఇచ్చే కిమోనోలు, పింగాణీ గిన్నెలు, బొమ్మలు అక్కడ అమ్ముతారు. వచ్చిన డబ్బు కేంద్రం ఖర్చులకు పోతుంది. 1941 డిసెంబర్‌లో పొయ్యిలో వేసినవి పోగా మిగిలినవి, ఆ తర్వాత మళ్లీ కూడబెట్టుకున్నవి, ఇలా ఒక తరం ఇల్లు ఖాళీ చేస్తూ బడిని పోషిస్తోంది.

మన పిల్లల శనివారం

ఈ కథ మనకెందుకంటే, వెల్లర్ వీధికి అరగంట దూరంలో బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వేల తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ ఊళ్లు. సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన ‘మనబడి’ అమెరికా అంతటా వారాంతాల్లో తెలుగు నేర్పుతోంది. మన పిల్లలకూ రెండో బడి ఉంది. ‘ఎందుకు నాన్నా వెళ్లాలి?’ అన్న ప్రశ్న కూడా ఆరేళ్ల మోనికా సోనే అడిగినదే. ఒక తేడా ఉంది. మన మీద భాష పేరుతో ఎవరూ జాబితాలు తయారుచేయలేదు. అయితే ఒకే ఇంట్లో పౌరసత్వం ఉన్న పిల్లలు, గ్రీన్‌కార్డు వరసలో ఏళ్లకేళ్లు నిలబడ్డ అమ్మానాన్నలు మనకూ ఉన్నారు. ఒజావా, థింద్‌ల కథ వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇన్ని డాలర్లు, ఇన్ని శనివారాలు పోసినా పిల్లలకు పెద్దబాలశిక్ష రాదేమోనని బెంగపడే తల్లిదండ్రులకు సియాటిల్ జపనీయులు ఒక నిజం చెబుతున్నారు. ముప్పై తొమ్మిదేళ్లు నడిచాక వాళ్ల బడులకు వచ్చిన మార్కులు నూటికి మూడు. ఆ లెక్కన అవి తప్పిన బడులే. కానీ గూడు చెదిరిన రోజున, తలుపు తీసి లోపలికి రమ్మన్నది ఆ తప్పిన బడే. పిల్లల్ని దింపడానికి వచ్చిన పెద్దలు ఏళ్ల తరబడి ఒకరినొకరు ఎరిగి ఉండబట్టి, తలా పిడికెడు వేసి సొంత గోడలు కట్టుకోబట్టి అది సాధ్యమైంది.

మన తెలుగు బడులు చాలాచోట్ల అద్దె గదుల్లో, వాలంటీర్ల చేతుల మీద నడుస్తున్నాయి. సొంత గోడల సంగతి నెమ్మదిగా ఆలోచించవచ్చు. ఈ శనివారం మాత్రం పిల్లల్ని దింపి, కారులో ఫోను చూసుకుంటూ కూర్చోకండి. లోపలికి వెళ్లండి. మీ పాప పక్కన కూర్చునే పిల్లవాడి అమ్మానాన్నలది ఏ ఊరో అడగండి.